ఎలక్ట్రిక్ స్టీరింగ్ గట్టిపడుతోందా? కాలమ్ మార్పించే ముందు ఎర్త్ కొలవండి

స్టీరింగ్ బరువెక్కిందని కారు చూపించగానే చాలాచోట్ల "మోటరు పోయింది, కాలమ్ మొత్తం మార్చాలి" అంటారు. కాలమ్ అంటే స్టీరింగ్ చక్రాన్ని కిందికి కలిపే కడ్డీ భాగం, చాలా చిన్న కార్లలో తిప్పడానికి సాయం చేసే మోటరు దానిమీదే ఉంటుంది. సరేననే ముందు టైర్లలో గాలి చూశారా? ముందు టైర్లలో గాలి బాగా తగ్గితే ఆ బరువు నేరుగా చేతికి వస్తుంది. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు తీస్తే పిల్లర్ మీది స్టిక్కర్‌లో రాసి ఉంటుంది. బంకులో అందరికీ కొట్టే 35 పీఎస్ఐ మీ కారు లెక్క కాదు. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవండి.

తర్వాత మీటర్‌లో స్టీరింగ్ లైటు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే వెలగాలి, ఇంజన్ స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఇంజన్ ఆపాక స్టీరింగ్ బరువుగా ఉండటం లోపం కాదు.

లైటు వెలగకుండా, ఇరుకు సెల్లార్‌లో ముందుకూ వెనక్కూ నాలుగైదుసార్లు తిప్పాక మెల్లమెల్లగా బరువెక్కుతోందంటే మోటరు వేడెక్కింది. కాలిపోకుండా, మోటరును నడిపే కంట్రోల్ యూనిట్టే సాయం తగ్గిస్తుంది. పదిహేను ఇరవై నిమిషాలు వదిలేస్తే మళ్లీ తేలికవుతుంది. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి అక్కడే బిగబట్టడం మానేయండి. అప్పుడు మోటరు తిరగకుండానే కరెంటు లాగుతూ ఉంటుంది.

లైటు వెలుగుతుంది, ఆపి స్టార్ట్ చేస్తే పోతుంది

అనవసరంగా కాలమ్‌లు మార్పించేది ఎక్కువగా ఈ లక్షణమే. ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఉన్నాయి, కారు ఆగి ఉంది, స్టీరింగ్ తిప్పగానే ఒక్కసారిగా రాయిలా అవుతుంది, లైటు వెలుగుతుంది. ఔటర్ రింగు రోడ్డు మీద 80లో వెళ్తుంటే ఏ ఇబ్బందీ లేదు. ఎందుకంటే కారు ఆగి ఉన్నప్పుడే మోటరు ఎక్కువ కరెంటు లాగుతుంది, చిన్న కార్లలో కూడా 40-50 ఆంపియర్లు దాటొచ్చు. ఆ కరెంటు వెళ్లే దారిలో 0.05 ఓమ్ అడ్డు ఉన్నా 50 ఆంపియర్ల దగ్గర రెండున్నర వోల్టులు అక్కడే పోతాయి. మోటరుకు చాలినంత వోల్టేజి అందక కంట్రోల్ యూనిట్ సాయం ఆపేస్తుంది.

బ్యాటరీ మీద మీటరు పెట్టి "12.6 ఉంది, బాగుంది" అనేది ఇక్కడ పనికిరాదు, లోడు లేనప్పుడు అన్నీ బాగానే కనిపిస్తాయి. ఓమ్స్‌లో పెట్టి కొలిచినా తేలదు, మీటరు వైర్లకే అంతకన్నా ఎక్కువ అడ్డు ఉంటుంది. లోడు మీదే కొలవాలి.

మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టులకు పెట్టండి. ఇంజన్ ఐడిల్‌లో, ఏసీ, లైట్లు ఆన్‌లో ఉంచి ఒకరిని స్టీరింగ్ ఇటూ అటూ తిప్పమనండి. నల్ల వైరు బ్యాటరీ నెగెటివ్ పోస్ట్ (బ్యాటరీ మీది సీసపు దిమ్మ) మీదే పెట్టాలి, దానికి బిగించిన క్లాంప్ మీద కాదు. ఎర్ర వైరు బాడీ మీద పెయింట్ లేని ఇనుముకు ఆనించండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ దారిలోనే, అంటే బాడీ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు కరెంటు తిరిగొచ్చే దారిలోనే లోపం. తర్వాత పోస్ట్ నుంచి క్లాంప్‌కు, క్లాంప్ నుంచి, కేబుల్ చివర బాడీకి బోల్టుతో బిగించే లగ్‌కు, లగ్ నుంచి బాడీకి విడివిడిగా కొలవండి. అంకె ఎక్కడ ఎగిరితే తప్పు అక్కడే. పాజిటివ్ వైపు కూడా పోస్ట్ నుంచి స్టీరింగ్ ఫ్యూజు అవతలి కొస దాకా ఇలాగే చూడండి. అది బోల్టుతో బిగించే పెద్ద ఫ్యూజు అయితే, బోల్టు వదులై చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి ఉందేమో గమనించండి.

హైదరాబాద్ కార్లలో ముందు అనుమానించాల్సినవి మూడు. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నిలిచే నీళ్లలాంటి వాటిలో వెళ్లొచ్చిన కార్లలో ఎర్త్ లగ్ కింద తుప్పు. బ్యాటరీ మార్చినప్పుడు క్లాంప్ వదులుగా ఉందని సందులో దూర్చిన రేకు ముక్క. ఆంప్లిఫయర్ బిగించినవాళ్లు అదే ఎర్త్ బోల్టు కింద పెట్టిన అదనపు వైరు.

బాగుచేయడం కష్టం కాదు. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ తీయండి. తెల్లపొడి ఉంటే వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి బాగా ఆరబెట్టండి. పోస్ట్, క్లాంప్, లగ్ కింది బాడీ ఇనుము ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్దండి. గట్టిగా బిగించాక, పైన మాత్రమే పెట్రోలియం జెల్లీ రాయండి. కేబుల్ లగ్ దగ్గర ఉబ్బి గట్టిగా ఉంటే లోపల రాగి పచ్చబారినట్టే, మార్చేయండి. కొత్తది పాతదానికన్నా సన్నగా ఉండకూడదు, లగ్ క్రింప్ చేసి (నొక్కి బిగించి) ఉండాలి. బ్యాటరీ కలిపాక కొన్ని కార్లలో లైటు ఆరదు. స్టీరింగ్ ఒకసారి ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పితే పోతుంది.

మిగతావి

తిప్పుతుంటే డ్యాష్‌బోర్డు కింద టక్ టక్: హ్యుండాయ్, కియా కాలమ్ మోటర్లలో రబ్బరు కప్లర్ అరిగి ఉంటుంది. చిన్న భాగమే, దానికోసం కాలమ్ మార్చొద్దు.

అర చుట్టులో బిగుసుకుని, మరో పావులో వదులైతే, మలుపు తర్వాత తానే తిరిగి రాకపోతే, కింది షాఫ్ట్ జాయింట్ తుప్పు పట్టింది.

స్టీరింగ్ లైటుతోపాటు ఏబీఎస్ లైటూ వెలిగితే చక్రం వేగం కొలిచే వీల్ స్పీడ్ సెన్సర్‌ను ముందు చూడండి.

టార్క్ సెన్సర్ (చెయ్యి ఎంత బలంగా తిప్పుతోందో కొలిచేది), కంట్రోల్ యూనిట్ పోయాయని ముందే అనుకోవద్దు. వోల్టేజి సరిగా ఉన్నా, స్టీరింగ్ మాడ్యూల్‌ను చదివే స్కానర్‌లో అదే లోపం కోడ్ మళ్లీ మళ్లీ వస్తేనే ఆ ఖర్చు గురించి మాట్లాడండి. చవక బ్లూటూత్ స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్‌లే చదువుతాయి. వాటిలో ఏమీ రాలేదంటే స్టీరింగ్ బాగుందని అర్థం కాదు.