ఏనుగుల కాపలాకు క్లిప్-ఆన్ థర్మల్: ఏ బొమ్మ మెరుగో పొలంలోనే తేల్చుకోండి

పర్లాకిమిడి, గుణుపురం పక్క పంట కాపలాకు థర్మల్ (వేడిని బట్టి చీకట్లో బొమ్మ చూపే పరికరం) కొనేవాళ్లు ముందు డబ్బా మీది దూరం చూస్తారు. "మనిషిని 1,200 మీటర్లలో పడుతుంది" అని ఉంటే, అంత దూరాన ఒక తెల్ల చుక్క కనిపిస్తుందనే అర్థం. అది ఏనుగో, ఎండకు కాగిన బండో ఆ చుక్క చెప్పదు. క్లిప్-ఆన్‌లు (మరో స్కోపు ముందు తగిలించే థర్మల్ పరికరాలు) చాలావరకు తుపాకీ స్కోపులకని చేసినవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది గనుక ఇక్కడ చెప్పేదంతా బైనాక్యులర్, మోనోక్యులర్ (ఒంటికంటి దుర్బిణి) ముందు తగిలించి చూడటం గురించే.

ముందు చిన్న లెక్క. సెన్సారులో ఒక్కో పిక్సెల్ (బొమ్మలోని చుక్క) సైజు మైక్రాన్లను లెన్సు మిల్లీమీటర్లతో భాగించి పదితో హెచ్చించండి. 100 మీటర్ల దగ్గర ఒక్కో పిక్సెల్ ఎన్ని సెంటీమీటర్లు చూస్తుందో వస్తుంది. 12 మైక్రాన్లు, 25 మి.మీ. లెన్సు అయితే 4.8, 35 మి.మీ. అయితే 3.4. లెన్సు పెరిగితే చూపు ఇరుకవుతుంది: అడ్డంగా 384 పిక్సెళ్లున్న సెన్సారుకి 100 మీటర్ల దగ్గర కనిపించే వెడల్పు 18 మీటర్ల నుంచి 13కి పడిపోతుంది. గుంపు ఎటు కదులుతుందో చూడాలంటే 25 మి.మీ.దే నయం.

ఇక పరీక్ష. 100, 200 మీటర్లు టేపుతో కొలిచి, అక్కడ ఒక ఎద్దును కట్టండి. పోల్చి చూసే రెండు పరికరాలకూ వైట్ హాట్ (వేడివి తెల్లగా చూపే) రంగే పెట్టి, జూమ్ తీసేయండి. కంటి దగ్గరి రింగు తిప్పి తెర మీది అక్షరాలు స్పష్టంగా వచ్చాకే ముందు లెన్సు ఫోకస్ చేయండి. చాలామంది ఈ వరస తప్పి, మంచి పరికరాన్ని మసక అంటారు. చూసే ముందు ప్రతిసారీ షట్టర్ (సెన్సారును సరిచేసుకోవడానికి క్షణం మూసే రేకు) 'టిక్' అనిపించండి. లేకపోతే బొమ్మ మీద చారలు మిగులుతాయి. 200 మీటర్ల దగ్గర ఎద్దు కాళ్లు విడివిడిగా ఉన్నాయా, ఒకే ముద్దగా ఉన్నాయా? చెవి ఆడించడం తెలుస్తోందా? కంటితోనే చూడండి. ఫోనుతో తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టి పోల్చకండి, ఫోను వెలుతురును తనకు తోచినట్టు మార్చేస్తుంది.

మే నెలలో పొద్దు వాలగానే చూస్తే రాళ్లు, గట్లు ఇంకా వేడిగా ఉండి ఏ పరికరమైనా తికమకపడుతుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు చూడండి. అసలు తేడా వాన వెలిసిన రాత్రి బయటపడుతుంది. చెట్టూ మట్టీ ఒకే చలువకు వచ్చినప్పుడు, 40 మిల్లీకెల్విన్ (సెన్సారు పట్టగల అతి చిన్న వేడి తేడా) సెన్సారులో అడవంతా బూడిదరంగు పొరలా ఉంటే, 25 దాంట్లో కొమ్మలు విడిగా తెలుస్తాయి. ఈ అంకె ఎంత తక్కువైతే అంత మేలు. ఇంట్లోనే చూడాలంటే గోడకు అరచెయ్యి ఐదు సెకన్లు ఆనించి తీయండి. ఆ ముద్ర ఎందులో ఎక్కువసేపు నిలిస్తే అదే చురుకైనది.

క్లిప్-ఆన్ తనంతట తాను పెద్దది చేయదు. దాని చిన్న తెరనే వెనకున్న లెన్సులు పెంచి చూపిస్తాయి. 8 రెట్ల బైనాక్యులర్ ముందు 384 తగిలిస్తే గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. 3, 4 రెట్లు దాటకండి. ఒక మూల నల్లబడితే అడాప్టర్ రింగు సరిగ్గా కూర్చోలేదన్నమాట, దాన్ని సెన్సారు లోపమని తిప్పి పంపకండి.