మోకాలి బయటి నొప్పికి ఫోమ్ రోలర్ వాడే ముందు

జూన్ వచ్చిందంటే హైదరాబాద్‌లో పరుగు సీజన్ మొదలైనట్టే. ఆగస్టులో మారథాన్ ఉంటుంది కాబట్టి కేబీఆర్ పార్కు చుట్టూ, నెక్లెస్ రోడ్డు మీద, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర తెల్లవారుజామున అయిదింటికే జనం కనిపిస్తారు. జులై సగానికి వచ్చేసరికి వాళ్లలో కొందరు మోకాలి బయటి వైపు చెయ్యి పెట్టుకుని కుంటుతూ ఇంటిదారి పడతారు. ఈ నొప్పి తీరే వేరు. మొదటి మూడు నాలుగు కిలోమీటర్లు అసలు ఏమీ తెలియదు. తర్వాత ఒకే చోట సూదితో పొడిచినట్టు మొదలవుతుంది. ఆగితే తగ్గుతుంది, మళ్లీ పరుగెత్తితే అదే చోట పట్టుకుంటుంది. మెట్లు ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు ఎక్కువ బాధ. దీన్నే ఐటీ బ్యాండ్ నొప్పి అంటారు. ఐటీ బ్యాండ్ అంటే తొడ బయటి వైపున ఉండే పట్టీ. పరుగు జోలికి పోనివాళ్లకూ వస్తుంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచినవాళ్లలో, తిరుమల కొండ నడిచి ఎక్కి నడిచే దిగినవాళ్లలో కూడా చూస్తుంటాం.

నొప్పి వచ్చిన రోజే చాలామంది ఫోమ్ రోలర్, అంటే నేల మీద పెట్టి దానిపై ఒంటి బరువు వేసి దొర్లుతూ కండరాలు రుద్దుకునే గుండ్రటి నురగ దిమ్మె, ఆర్డర్ పెట్టేస్తారు. నేనూ అదే చేశాను. మొదటి హాఫ్ మారథాన్‌కి సిద్ధమవుతున్నప్పుడు, తెలిసిన ఒక ట్రైనర్ "ఎక్కడ నొప్పి ఉందో అక్కడే గట్టిగా రుద్దన్నా, ముడి విడిపోతుంది" అన్నాడు. పది రోజులు పళ్లు బిగబట్టి మోకాలి పక్కనే రోలర్‌తో రుద్దాను. తొడ పక్కన చర్మం నల్లగా కమిలింది, మోకాలి బయటి వైపు వాచింది, అపార్ట్‌మెంట్‌లో రెండంతస్తుల మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఆ రేసు పోయింది. ఇది రాస్తున్నది మీకు ఆ పది రోజులు రాకూడదని.

ముందు ఆ పట్టీ ఏమిటో తెలియాలి. తుంటి ఎముక పైఅంచు దగ్గర మొదలై, తొడ బయటి వైపంతా దిగి, మోకాలు దాటి కింది పెద్ద ఎముక పైభాగాన అతుక్కునే మందపాటి పొర అది. కండరం కాదు, ముడులు పడేదీ కాదు. దాన్ని పైనుంచి లాగి పట్టేవి రెండు కండరాలు. ఒకటి ప్యాంటు పక్కజేబు ఉండేచోట, తుంటికి కాస్త ముందు ఉండే చిన్న కండరం. రెండోది పిరుదుల పెద్ద కండరం. 1975లో అమెరికా మెరైన్ దళంలో శిక్షణ పొందుతున్నవాళ్ల మోకాళ్లు చూసిన వైద్యుడొకరు, ఆ పట్టీ మోకాలి ఎముక మీద రాసుకుని ఒరిసిపోవడం వల్లే నొప్పి అని రాశారు. చాలా ఏళ్లు అదే నమ్మకం. 2006లో శరీర నిర్మాణాన్ని మళ్లీ పరిశీలించినవాళ్లు వేరే మాట చెప్పారు. పట్టీ తొడ ఎముకకు అతుక్కునే ఉంటుంది, అటూ ఇటూ జారదు. మోకాలు ముప్పై డిగ్రీల దాకా వంగినప్పుడు దాని కింద ఉన్న కొవ్వు మెత్త నలుగుతుంది. ఆ మెత్తలో నరాల కొసలు బాగా ఉంటాయి. నొప్పి అక్కడిది.

ఈ సంగతి తెలిశాక రోలర్‌తో ఎక్కడ రుద్దకూడదో ఎవరూ చెప్పక్కర్లేదు. లోపల ఇప్పటికే నలిగి మంటగా ఉన్న మెత్తను బయటి నుంచి మన బరువంతా వేసి ఇంకా నలిపితే తగ్గేది ఏముంటుంది? పట్టీ సాగుతుందనే ఆశా పెట్టుకోవద్దు. ఆ పొర ఒక్క శాతం అణగాలన్నా మామూలుగా మనిషి పెట్టగలిగే బలం చాలదని 2008లో లెక్కగట్టి చూపించారు. రోలర్ వాడాక కాలు తేలికగా అనిపించేది పట్టీ పొడవు పెరిగి కాదు. చుట్టుపక్కల కండరాలు కాసేపు సడలుతాయి, నొప్పిని ఓర్చుకునే శక్తి కొంచెం పెరుగుతుంది, అంతే. ఆ ఊరట కాసేపే ఉంటుంది. కానీ ఆ కాసేపట్లో వ్యాయామం సుఖంగా చేసుకోవచ్చు కాబట్టి నేను రోలర్‌ని పారేయమనను, చోటు మార్చమంటాను.

రోలర్ పెట్టాల్సినది పైనున్న కండరాల మీద. రోలర్ మీద పిరుదులు ఆనించి కూర్చుని ఒక వైపుకి ఒరిగి మెల్లగా కదలండి. తర్వాత జేబు దగ్గరి కండరం మీదకి, కాస్త బోర్లా తిరిగినట్టు పడుకుని. తర్వాత తొడ ముందు భాగం, దాని బయటి అంచు. ఒక్కో చోట ముప్పై సెకన్ల నుంచి నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు. వేగంగా అటూ ఇటూ దొర్లొద్దు. నొప్పికి పదికి నాలుగైదు మార్కుల కంటే ఎక్కువ వేయాల్సి వస్తే బరువు తగ్గించండి, రెండో కాలు నేల మీద పెట్టి ఆసరా తీసుకోండి. ఊపిరి బిగబడుతున్నారంటే ఎక్కువ నొక్కుతున్నారని అర్థం. మోకాలికి జానెడు పైనే ఆగిపోండి. తుంటి పక్కన చేతికి గట్టిగా తగిలే ఎముక మీద కూడా వద్దు, దాని మీద ఉండే నీటి సంచి వాస్తే అది ఇంకో నెల బాధ.

అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాల్సింది మోకాలి కింద, బయటి వైపు చేతికి తగిలే గుండ్రటి చిన్న ఎముక గురించి. దాని మెడ చుట్టూ ఒక నరం చర్మానికి బాగా దగ్గరగా తిరిగి వెళ్తుంది. పాదాన్ని పైకెత్తేది ఆ నరమే. రోలర్ అక్కడిదాకా జారి బరువు పడితే పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది, ఎక్కువసేపు నొక్కితే పాదం ఎత్తలేని పరిస్థితి కూడా రావచ్చు. తిమ్మిరి, జివ్వుమనడం, కరెంటు పాకినట్టు ఉండటం, వీటిలో ఏది వచ్చినా వెంటనే లేవండి. "కాసేపటికి సర్దుకుంటుందిలే" అనుకుని కొనసాగించొద్దు.

కొందరు డాక్టర్ని అడగకుండా రోలర్ జోలికే వెళ్లకూడదు. కాలిలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, ఉబ్బిన సిరలు ఉన్నవాళ్లు, ఈమధ్యే ఎముక విరిగినవాళ్లు, గర్భిణులు. షుగర్ ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. మన ఇళ్లల్లో షుగర్ లేని కుటుంబం అరుదు. కాళ్లల్లో స్పర్శ తగ్గినప్పుడు ఎంత నొక్కుతున్నామో శరీరం చెప్పదు. కమిలినా తెలియదు. నాన్నగారికి మోకాలు నొప్పి అని మీ రోలర్ ఇచ్చే ముందు ఇది గుర్తుంచుకోండి.

రోలర్ కొనేటప్పుడు గుబ్బలు లేనిది, వేలితో నొక్కితే కాస్త లోపలికి పోయేది తీసుకోండి. గట్టిగా, గుబ్బలుగా ఉన్నది బాగా పనిచేస్తుందనుకోవడం అపోహ. పీవీసీ పైపుకి టవల్ చుట్టి వాడేవాళ్లున్నారు, కొత్తవాళ్లకి అది మరీ గట్టి. అప్పడాల కర్రతో తొడ ముందు వైపు చేత్తో మెల్లగా దొర్లించుకోవడం దానికంటే నయం. గ్రానైట్ గచ్చు మీద రోలర్ జారుతుంది, కింద యోగా మ్యాట్ వేయండి. నూనె రాసుకుని ఎక్కొద్దు.

ఇంతా చేసినా, నొప్పి తెచ్చిన కారణం అలాగే ఉంటే రోలర్ ఏమీ చేయలేదు. కారణం ఎక్కువసార్లు ఒకటే, ఉన్నట్టుండి పెంచిన దూరం. వారానికి పదిహేను కిలోమీటర్లు పరుగెత్తే మనిషి రేసు టెన్షన్‌తో ముప్పైకి వెళ్లిపోతాడు. దానికి తోడు హైదరాబాద్ ఎత్తుపల్లాల ఊరు. ఫ్లైఓవర్లు ఎక్కడం కష్టమని అందరూ భయపడతారు కానీ ఈ మోకాలిని దెబ్బతీసేది దిగడమే. పల్లంలో దిగేటప్పుడు అంగలు చిన్నవి చేయండి, అడుగులు ఎక్కువ వేయండి. పాదాలు ఒకే గీత మీద పడకుండా కాస్త ఎడంగా ఉంచండి. వానాకాలంలో నీళ్లకి భయపడి రోడ్డు అంచునే పరుగెత్తుతాం, అక్కడ రోడ్డు కాలువ వైపు వాలి ఉంటుంది, రోజూ ఒకే వైపు వెళ్తే ఒకే మోకాలి మీద భారం పడుతుంది. పార్కు చుట్టూ కూడా ఒకరోజు ఇటు, ఒకరోజు అటు తిరగండి. తిరుమలకి అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఇప్పటికే మోకాలి పక్కన నొప్పి ఉంటే నడిచి ఎక్కినా సరే, దిగడానికి మాత్రం బస్సు ఎక్కండి. మొక్కు ఎక్కడంతోనే తీరుతుంది.

రోలర్ దిగిన వెంటనే పది నిమిషాలు తుంటి కండరాలకి ఇవ్వండి. పక్కకి పడుకుని పైకాలిని మోకాలు వంచకుండా, కొంచెం వెనక్కి ఎత్తడం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము లేపడం. నొప్పి తగ్గాక ఒక మెట్టు మీద నిలబడి, మోకాలు లోపలికి వాలకుండా రెండో కాలు మడమని నేలకి తాకించి లేవడం. రోజు విడిచి రోజు చేస్తే కొన్ని వారాలకి తేడా తెలుస్తుంది. మూడు రోజులకే వదిలేసేవాళ్లే ఎక్కువ. దయచేసి వదలొద్దు.

మోకాలు బుస్సున వాచినా, మధ్యలో పట్టేసి చాపలేకపోయినా, కాలు మోయక కూలబడినట్టు అనిపించినా, రాత్రి పడుకున్నప్పుడూ నొప్పి వదలకపోయినా అది ఐటీ బ్యాండ్ అని మీరే తీర్మానించుకోవద్దు. మోకాలి కీలులో ఎముకల మధ్య ఉండే మృదులాస్థి (మెనిస్కస్) చిరిగినా నొప్పి ఆ పక్కనే రావచ్చు. నడుము నుంచి పాకే నరం నొప్పి కూడా తొడ బయటి వైపునే దిగుతుంది. పిక్క ఒకటే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే రోలర్ ముట్టుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

మళ్లీ పరుగు మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. ఇంట్లో రెండంతస్తులు గోడ పట్టుకోకుండా, నొప్పి లేకుండా వరుసగా మూడు రోజులు దిగగలిగితే నాలుగో రోజు సమతలంగా ఉన్నచోట పది నిమిషాలు పరుగెత్తండి. మర్నాడు ఉదయం మోకాలు ఎలా ఉందో చూసి, రెండో పరుగు అప్పుడు నిర్ణయించుకోండి.