ఘాట్లో బ్రేకు పట్టడం లేదా? కార్బన్ సిరామిక్ డిస్కులు కొనేముందు ఇవి చూసుకోండి

కర్నూలు, అనంతపురం, కడప వైపు స్పోర్ట్స్ కారు నడిపేవాళ్లు బ్రేకుల్లో ఏ చిన్న తేడా వచ్చినా ముందు అడిగే ప్రశ్న, ఇనుప డిస్కుల (చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లేల) బదులు సిరామిక్ వేయిస్తే పోతుందా అని. కొన్నిసార్లు పోతుంది, చాలాసార్లు పోదు. కార్బన్ సిరామిక్ డిస్కు నయం చేసే అసలు జబ్బు ఒక్కటే: పదేపదే గట్టిగా బ్రేకు వేస్తే పుట్టే వేడి. దానికి తోడు బరువు తగ్గుతుంది, తుప్పు పట్టదు, చక్రాల మీద నల్ల దుమ్ము తక్కువ. మిగతా కంప్లైంట్లకు మందు వేరే చోట ఉంది, అదీ చాలా తక్కువ ఖర్చులో. అందుకే మీ కారులో కనిపించే లక్షణం నుంచి మొదలుపెట్టండి.

ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడి కిందికి పోతోంది

రాయచోటి నుంచి కడపకు వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు, ముందు లారీ, వెనక లారీ, కాలు బ్రేకు మీద నుంచి తీయడానికి వీల్లేని చోట ఇది బయటపడుతుంది. ఇక్కడ రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయి, ఆ తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. పెడల్ స్పాంజిలా మెత్తగా అయి కిందికి దిగిపోతుంటే బ్రేక్ ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయని అర్థం. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా కారు ఆగనంటుంటే, డిస్కును రెండువైపులా పట్టి ఆపే ప్యాడ్లు తమ వేడి హద్దు దాటాయని అర్థం.

మొదటిదానికి సిరామిక్ డిస్కు మందు కాదు. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, కానీ అది గాలిలో తేమను పీల్చుకుంటూనే ఉంటుంది, తేమ పట్టిన డాట్ 4కు ప్రమాణం 155 డిగ్రీలే. సెకండ్ హ్యాండ్ కారు తీసుకుని ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో తెలియకుండా నడుపుతుంటే, ఎంత ఖరీదైన డిస్కు వేసినా అదే పాత ఫ్లూయిడ్ మళ్లీ మరుగుతుంది. ముందు ఫ్లూయిడ్ మొత్తం మార్పించి, నాలుగు చక్రాలూ బ్లీడింగ్ (పైపుల్లో గాలి తీయడం) చేయించండి, ఆ తర్వాత రెండేళ్లకోసారి మార్చండి. వేడి ఎక్కువ తగిలే బండి అయితే, కారు మాన్యువల్ ఒప్పుకుంటే, డాట్ 5.1 వాడొచ్చు, దాని ప్రమాణం కొత్తగా 260, తేమ పట్టాక 180. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, వేరే జాతి, డాట్ 4 ఉన్న చోట పోయకూడదు.

రెండోదానికి ముందు మంచి ప్యాడ్లు, ఆ తర్వాత గేరు. ఆటోమేటిక్ అయినా ప్యాడిల్‌తో రెండో గేరులోనో మూడో గేరులోనో పెట్టి ఇంజన్‌తో వేగం ఆపండి. పైన గువ్వలచెరువులో పాలకోవాకి ఆగినప్పుడే ఈ మాట గుర్తుపెట్టుకుంటే మంచిది, దిగడం అక్కడి నుంచే మొదలవుతుంది. ఇవన్నీ చేశాక కూడా, మీరు నడిపే తీరుకి ఇనుప డిస్కులు పదేపదే వేడెక్కి పట్టు తప్పుతుంటే, లేదా డిస్కు మీది రంధ్రాల దగ్గర పగుళ్లు సాగుతుంటే, అప్పుడు సిరామిక్ గురించి ఆలోచించడంలో న్యాయం ఉంది.

సిరామిక్ వేయించాక కూడా కారు ముందుకంటే త్వరగా ఆగడం లేదు

ఆగదు. డబ్బు పెట్టేముందే ఈ విషయం అందరికీ తెలియాలని నా కోరిక. మంచి ఇనుప డిస్కు కూడా ఒక్కసారి గట్టిగా తొక్కితే, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేసేదాకా చక్రాన్ని పట్టగలదు. అక్కడి నుంచి కారును ఆపేది రోడ్డును అంటుకున్న టైరు. సిరామిక్ గొప్పతనం పదో బ్రేకులో కనిపిస్తుంది, మొదటి బ్రేకులో కాదు. టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. తక్కువ తిరిగిన స్పోర్ట్స్ కార్ల టైర్లకు గాడి బాగానే ఉంటుంది, రబ్బరు మాత్రం ఎండకు గట్టిపడి ఉంటుంది, మన మే నెల ఎండలకు మరీను. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల ఫ్యాక్టరీల రోడ్ల మీద పొడి పరుచుకున్న చోట అయితే ఏ డిస్కూ కాపాడదు, వేగం తగ్గించాల్సిందే.

హైవే మీద వంద దాటాక బ్రేకు వేస్తే స్టీరింగ్ ఊగుతోంది

బ్రేకు వేయకపోయినా ఊగుతుంటే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చూపించండి. బ్రేకు వేసినప్పుడు మాత్రమే అయితే, "డిస్కు వంగింది" అనేస్తారు గానీ, ఎక్కువగా ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా అంటుకుని ఉంటుంది. బాగా వేడెక్కిన బ్రేకుతో టోల్ గేటు దగ్గర పెడల్ నొక్కిపట్టి నిలబడితే ఇలా అవుతుంది. తయారీదారు చెప్పిన పద్ధతిలో మళ్లీ బెడింగ్ (ప్యాడ్ పదార్థం డిస్కు మీద సమంగా పరుచుకునేలా చేయడం) చేయండి: ఖాళీ రోడ్డు మీద పూర్తిగా ఆపకుండా పదేపదే వేగం తగ్గించి, తర్వాత బ్రేకు తాకకుండా కొంతదూరం నడిపి చల్లారనివ్వాలి. ఇనుప డిస్కు అయితే హబ్ (డిస్కు కూర్చునే చోటు) శుభ్రం చేసి, డిస్కు ఊపు కొలిచి, అవసరమైతే పలుచగా లేత్ పట్టించొచ్చు. సిరామిక్ డిస్కును మాత్రం మామూలు లేత్ దగ్గరికి తీసుకెళ్లనే వద్దు.

పొద్దున్నే కీచుమంటోంది, కడిగిన వెంటనే పట్టడం లేదు

కడిగాక డిస్కు మీద నీటి పొర ఉంటుంది, సిరామిక్ మీద మొదటి తొక్కుడులో ఇది బాగా తెలుస్తుంది. ఇంటి ముందే రెండు మూడుసార్లు మెల్లగా బ్రేకు వేసి ఆరబెట్టి రోడ్డెక్కండి. యాసిడ్ ఉన్న వీల్ క్లీనర్ వాడొద్దు. రోజంతా కర్నూలు రాజ్ విహార్ సెంటర్లోనో కడప ఏడు రోడ్ల దగ్గరో పాకుతూ నడిపితే ప్యాడ్ నునుపెక్కి కీచుమంటుంది, దానికీ బెడింగే మందు. పట్నంలో పాకే కారుకే వాడతానంటే సిరామిక్ వద్దని చెప్తాను.

డిస్కు అంచు పెచ్చు లేచింది

పంచర్ వేయించేటప్పుడు చక్రం తీస్తూ డిస్కుకు తగిలించారు, దాదాపు ప్రతిసారీ కారణం ఇదే. ఇనుము దెబ్బకు ఓర్చుకుంటుంది, సిరామిక్ పెళుసు. చక్రం తీసే ముందు బోల్టు రంధ్రంలో గైడ్ పిన్ బిగించి, దాని మీదుగా చక్రాన్ని నేరుగా బయటికి లాగాలి. ఆ పిన్ కారులోనే పెట్టుకోండి, షాపులో పిల్లవాడు చక్రం తీస్తుంటే పక్కనే నిలబడండి. చిన్న పెచ్చుకు ఎంతవరకు పర్వాలేదో తయారీదారు కొలతలు ఇస్తారు, వాటితో పోల్చి చూడాలి. బీట కనిపిస్తే మాత్రం ఆ డిస్కుతో నడపొద్దు.

పాత కారుకి సిరామిక్ ఉందన్నారు, ఎంత మిగిలిందో తెలియడం లేదు

ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. పోర్షే 2001లో 911 జీటీ2తో తెచ్చిన సిరామిక్ బ్రేకులకు పసుపు క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు) గుర్తు, అందుకని పసుపు రంగు చూసి నమ్మేవాళ్లున్నారు. రంగు ఎవరైనా వేస్తారు. అయస్కాంతం తీసుకుని ప్యాడ్ రుద్దుకునే చోట పెట్టండి: ఇనుముకు అతుక్కుంటుంది, సిరామిక్‌కు అతుక్కోదు.

సిరామిక్ అని తేలాక కొలత. ఇనుప డిస్కు అరిగి పలుచబడుతుంది, మందం కొలిచే మైక్రోమీటరు పెడితే చాలు. కార్బన్ నార అచ్చులోకి 1414 డిగ్రీల దగ్గర కరిగే సిలికాన్‌ను ఎక్కించి తయారుచేసే ఈ డిస్కు పెద్దగా పలుచబడదు, విపరీతమైన వేడిలో లోపలి కార్బన్ కాలిపోతూ బరువు కోల్పోతుంది. అంటే మందం బాగానే ఉండి డిస్కు అయిపోయి ఉండొచ్చు. చాలా డిస్కుల మధ్యభాగం మీద కనిష్ఠ బరువు గ్రాముల్లో రాసి ఉంటుంది. విప్పి, శుభ్రం చేసి, బాగా ఆరాక కచ్చితమైన కాటా మీద తూయించండి. పైన గరుకుగా, గుంటలుగా కనిపిస్తే ఆ కారు ట్రాక్ మీద బాగా కాలిందని అనుమానించండి. అమ్మేవాళ్లు తూయడానికి ఒప్పుకోకపోతే డిస్కుల ధర లక్షల్లో తగ్గించి బేరం చేయండి, లేదా వదిలేయండి.

ఇవన్నీ చూశాక కూడా వేయించాలనే ఉంది

వేయించండి, తప్పేం లేదు. అదే సైజు ఇనుప డిస్కులో దాదాపు సగం బరువే ఉంటుంది, చక్రం దగ్గర తగ్గిన ఆ బరువు స్టీరింగ్‌లో తెలుస్తుంది. కానీ ఈ డిస్కులు సాధారణంగా పెద్దవి, ఇప్పుడున్న చక్రాల్లో క్యాలిపర్ పడుతుందా అన్నది ముందే కొలిపించండి. చక్రం సైజు పెంచాల్సి వస్తే టైరు పక్కగోడ పొట్టిదవుతుంది, మన గుంతలకు రిమ్ములు వంగుతాయి. ప్యాడ్లు సిరామిక్ కోసం చేసినవే ఉండాలి, ఇనుముకు వేసేవి వేస్తే డిస్కు పాడవుతుంది. అవి మన ఊళ్లలో అంగట్లో దొరకవు, కాబట్టి ఒక సెట్టు ఇంట్లో ఉంచుకోండి. తీసిన ఇనుప డిస్కులూ క్యాలిపర్లూ అమ్మేయొద్దు, నూనె రాసి చుట్టి దాచండి, ఒక సిరామిక్ డిస్కుకు దెబ్బ తగిలి కొత్తది వచ్చేదాకా కారు నిలబడిపోకుండా అవే నడిపిస్తాయి.