కొత్త గాయని ఆల్బమ్ కవర్‌ని ముందు న్యూస్‌ప్రింట్ మీద చూడండి

కొత్త పాప్ గాయనికి ఆల్బమ్ కవర్, పేపర్ యాడ్ రెండూ మీరే చేస్తుంటే, కవర్ ఖరారు చేయకముందే దాన్ని యాడ్ సైజుకి తగ్గించి న్యూస్‌ప్రింట్ (వార్తాపత్రికలు అచ్చేసే కాగితం) మీద ప్రింట్ తీసి చూడండి. ఆమె ముఖం జనానికి ఇంకా తెలియదు. అందుకే రెండు చోట్లా అదే ఫొటో, పేరు అదే లెటరింగ్‌లో ఉండాలి.

అసలు చిక్కు తెలుగు అక్షరాలతోనే. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద సన్నటి తెల్ల అక్షరాలు స్క్రీన్ మీద ఎంతో అందంగా ఉంటాయి. కానీ న్యూస్‌ప్రింట్ ఇంకుని పీల్చుకుంటుంది, ఇంకు చుక్కలు పరుచుకుంటాయి, వత్తులూ గుడులూ పూడుకుపోతాయి. నాలుగు రంగుల (సీఎంవైకే: సయాన్ నీలం, మెజెంటా, పసుపు, నలుపు) అచ్చు ప్లేట్లు కాస్త అటూ ఇటూ జరిగితే ఇక పేరు చదవలేం. కాబట్టి లావు ఫాంట్ తీసుకోండి, చిన్న అక్షరాల వెనక నలుపు ఇంకు ఒక్కటే వాడండి. ఒకే చోట పడే నాలుగు ఇంకుల శాతాలు కలిపితే 240 దాటనివ్వకండి. ఆర్ట్ పేపర్ (పూత పూసిన నున్నటి కాగితం) కోసం చేసిన ఫైల్‌నే పంపితే ముఖం మీది నీడలు బురదలా వస్తాయి.

సీడీ బుక్‌లెట్‌కి దాదాపు 120 మి.మీ. చదరం, చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు). అయినా ప్రెస్ వాళ్ల టెంప్లేట్ (కొలతల నమూనా ఫైల్) అడిగి తీసుకోండి. సీడీ పెట్టె స్పైన్ (సన్నటి పక్క అంచు) మీద పేరు మర్చిపోవద్దు, అరలో నిలబెడితే కనిపించేది అదొక్కటే. నియాన్ పింక్ లాంటి రంగు సీఎంవైకేలో రాదు. అది తప్పనిసరి అనుకుంటే స్పాట్ ఇంకు (ఆ రంగు కోసమే విడిగా వాడే ఇంకు) ఖర్చు క్లయింట్‌కి ముందే చెప్పి ఒప్పించండి.