కాలనీలో మోత తగ్గాలంటే నియమాలు ఎలా రాసుకోవాలి, ఎలా అమలు చేయించాలి?

రాత్రి పదకొండుకు బారాత్ డీజే కిటికీ అద్దాలు అదరగొడుతుంటే, పక్క ప్లాటులో స్లాబ్ వేస్తూ వైబ్రేటర్ ఆపకపోతే, పైఫ్లాట్‌లో ఆదివారం ఉదయం ఆరింటికే టైల్స్ కోస్తుంటే మనలో చాలామందిమి రెండే పనులు చేస్తాం: పళ్లు బిగబట్టి భరిస్తాం, లేదంటే కిందకి దిగి గొడవ పడతాం. రెండింటివల్లా మర్నాడు ఏమీ మారదు. మోత మొదలయ్యాక రూల్స్ చెబితే వినే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి, అంతా ప్రశాంతంగా ఉన్న ఒక నెలలో, పండగలకీ పరీక్షలకీ దూరంగా, అందరూ కూర్చుని నియమాలు కాగితం మీద రాసుకోవాలి. అపార్ట్‌మెంట్ అయినా, ఇండిపెండెంట్ ఇళ్ల కాలనీ అయినా, ఊళ్లో ఒక వీధి అయినా పద్ధతి ఇదే.

ముందు చట్టం ఎంత ఇచ్చిందో చూడండి

2000లో కేంద్రం శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు తెచ్చింది, అవి దేశమంతటికీ వర్తిస్తాయి. వాటి ప్రకారం ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా పగలు, మిగతాది రాత్రి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే ప్రమాణం), రాత్రి 45 దాటకూడదు. దుకాణాలుండే ప్రాంతానికి 65, 55. పరిశ్రమలకు 75, 70. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల దాకా ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉంటే అక్కడ 50, 40. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే దాదాపు 60 వస్తుందంటే, నివాస ప్రాంతానికి పెట్టిన హద్దు ఎంత తక్కువో అర్థమవుతుంది. పైగా డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు, 10 పెరిగితే శబ్దశక్తి పదింతలు అవుతుంది.

అంకెల కంటే మనకు ఎక్కువ పనికొచ్చేవి నిషేధాలు. పగలైనా సరే, లౌడ్‌స్పీకర్ పెట్టాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 దాటితే ఆరుబయట మైకు, డీజే బాక్సులు, డప్పులు నడపకూడదు, నాలుగు గోడల మధ్య ఉన్న హాల్లో మాత్రం మినహాయింపు ఉంది, అది కూడా చప్పుడు బయటికి రాకుండా. పండగలకు 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది కానీ ఏడాది మొత్తానికి 15 రోజులకు మించి ఇవ్వకూడదు, అంటే తొమ్మిది రోజుల నవరాత్రులకే సగానికి పైగా అయిపోతుంది. 2010లో సవరణ చేసి నివాస ప్రాంతాల్లో రాత్రిపూట హారన్లు, పేలే టపాసులు, మోత చేసే నిర్మాణ యంత్రాలు కూడా నిషేధించారు. కాబట్టి అర్ధరాత్రి స్లాబ్ వేస్తున్న బిల్డర్‌కి "ఒక్కరోజే కదా సార్" అనే వీలు చట్టంలో లేదు.

ఇంట్లో పెట్టుకున్న హోం థియేటర్‌కీ హద్దు ఉంది: మన గోడ దాటేసరికి ఆ ప్రాంతం పరిమితి కంటే 5 డెసిబెల్స్‌కు మించి ఎక్కువ ఉండకూడదు.

ఏ మోత, ఎప్పుడు, ఎవరికి ఇబ్బంది

మీటింగ్ పెట్టడానికి ముందు రెండు మూడు వారాలు ఒక నోటుపుస్తకంలో రాయండి. తేదీ, టైము, ఎక్కడి నుంచి, ఎంతసేపు. ఫోన్‌లో ఉచితంగా దొరికే సౌండ్ మీటర్ యాప్ అంకె కూడా పక్కన రాసుకోవచ్చు, అది కోర్టులో సాక్ష్యంగా నిలబడేంత కచ్చితమైంది కాదు కానీ మీకు ఒక అంచనా వస్తుంది. రాయడం మొదలుపెడితే ఆశ్చర్యంగా ఉంటుంది, అందరూ తిట్టుకునే డీజే ఏడాదిలో పది రోజులు వస్తే, రోజూ నిద్ర పాడు చేసేది జనరేటరో, తెల్లవారుజామున హారన్ కొట్టే స్కూల్ వ్యానో, "పాత ఇనుము కొంటాం" అని రికార్డు తిప్పుకుంటూ తిరిగే ఆటోనో అయివుంటుంది.

ఎవరికి ఇబ్బందో కూడా అడగండి. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునే నర్సులు, పసిపిల్లల తల్లులు, బీపీ ఉన్న పెద్దవాళ్లు, ఇంటర్, టెన్త్ పరీక్షల పిల్లలు మీటింగులో గట్టిగా మాట్లాడరు. వాళ్ల దగ్గరికి మనమే వెళ్లాలి.

నియమాలు రాయడం

కమిటీ ఐదుగురు రాసి వాట్సాప్ గ్రూపులో పడేస్తే అది నియమం కాదు, నోటీసు మాత్రమే. అసోసియేషన్ రిజిస్టర్ అయివుంటే సర్వసభ్య సమావేశం పిలిచి, బైలాస్‌లో (సంఘం రాతపూర్వక నిబంధనల్లో) చెప్పిన కోరం, అంటే కనీస హాజరు, ఉండేలా చూసి, తీర్మానం చేసి, మినిట్స్ పుస్తకంలో సంతకాలు తీసుకోండి. అద్దెకున్నవాళ్లను కూడా పిలవండి, ఓటు ఉన్నా లేకపోయినా వాళ్లూ అక్కడే పడుకుంటారు. రిజిస్టర్ కాని వీధి అయితే ఒక తెల్లకాగితం, కింద ఇంటింటి సంతకాలు చాలు.

పది నియమాలు వద్దు, నాలుగైదు చాలు, కానీ ప్రతిదాంట్లో టైము ఉండాలి. "ఇతరులకు ఇబ్బంది కలగకుండా" అని రాస్తే ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీస్తారు. ఇలా రాయండి: డ్రిల్లింగ్, టైల్స్ కటింగ్, గోడలు పగలగొట్టడం సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే, మధ్యాహ్నం 1 నుంచి 3 వరకు ఆపాలి, ఆదివారం లేదు. ఇంటీరియర్ పని మొదలుపెట్టేవాళ్లు రెండు రోజుల ముందు పక్క ఫ్లాట్లకూ పైకిందా ఉన్నవాళ్లకూ చెప్పాలి, మేస్త్రీకి ఈ టైములు రాసిన కాగితం గేటు దగ్గరే ఇవ్వాలి. టెర్రస్ మీద, సెల్లార్‌లో పార్టీలకు పాటలు రాత్రి 10కి బంద్. పరీక్షల నెలలో 9కే బంద్ అని పెట్టుకోవచ్చు, చట్టం కంటే కట్టుదిట్టంగా ఉండొచ్చు కానీ సడలించే అధికారం మనకు లేదు, "మా కాలనీలో 11 దాకా ఓకే" అని తీర్మానం చేసినా అది చెల్లదు.

జనరేటర్ విషయంలో చప్పుడు బయటికి రాకుండా చుట్టూ ఉండే అకౌస్టిక్ డబ్బా ఉందో లేదో చూడండి. 2005 నుంచి తయారైన డీజిల్ జనరేటర్లలో 1000 కేవీఏ సామర్థ్యం వరకు ఉన్నవాటికి మీటర్ దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రమాణం ఉంది. డబ్బా తలుపు ఊడిపోయి నెలలతరబడి అలాగే ఉంటుంది చాలాచోట్ల, అది బాగు చేయిస్తే చాలా గోల తగ్గుతుంది.

జరిమానా పెట్టాలా అంటే, బైలాస్‌లో వీలుంటే చిన్న మొత్తం పెట్టండి. నీళ్లు, కరెంటు ఆపేస్తామని మాత్రం ఎప్పుడూ రాయొద్దు, అనొద్దు. అలా చేస్తే కమిటీయే కేసులో ఇరుక్కుంటుంది.

ఇంకొకటి చాలా ముఖ్యం. నియమం అందరికీ ఒకటే ఉండాలి. గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు, పార్టీ మీటింగు మైకు, ప్రెసిడెంటుగారి అబ్బాయి సంగీత్, అన్నింటికీ అదే రాత్రి 10 గడువు. చెన్నైలో ఒక కాలనీ సంఘం మొదలుపెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఇతరుల ప్రశాంతతను చెడగొడుతూ మైకుల్లో ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పదని 2000లో కోర్టు తేల్చింది. ఒక్కరి మీదే గురిపెట్టి రాసిన నియమం మొదటి పండగకే గొడవగా మారి, కాలనీని రెండుగా చీలుస్తుంది.

పండగకు వారం ముందు

వినాయక చవితికో బోనాలకో జాతరకో మండపం కుర్రాళ్లను ముందే కలవండి, ఫిర్యాదు చేయడానికి కాదు, చందా ఇచ్చేటప్పుడే మాట్లాడండి. బాక్సులు ఇళ్ల వైపు కాకుండా లోపలికి తిప్పి పెట్టమనండి, పెద్ద బాక్సులు రెండు బదులు చిన్నవి నాలుగు జనానికి దగ్గరగా అక్కడక్కడా పెడితే పాట అందరికీ వినిపిస్తుంది, గుండె అదరదు. పోలీసుల అనుమతి కాపీ మండపంలో అతికించమనండి, అందులో టైము రాసి ఉంటుంది. వాళ్లలో ఒకరి నంబర్ తీసుకోండి. రాత్రి పదికి ఆ ఒక్క ఫోన్‌తోనే చాలా పనులు అయిపోతాయి. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను 2024లో హైదరాబాద్ పోలీసులు నిషేధించిన సంగతి కూడా చాలామంది కుర్రాళ్లకు తెలియదు, మెల్లగా చెప్పండి.

ఫంక్షన్ హాల్ అయితే పెళ్లివాళ్లతో కాదు, మేనేజర్‌తో మాట్లాడాలి. పెళ్లివాళ్లు రేపు వెళ్లిపోతారు.

చెప్పినా ఆగకపోతే

ఆ రాత్రి 100కి గానీ 112కి గానీ ఫోన్ చేసి క్లుప్తంగా చెప్పండి: ఎక్కడ, ఎప్పటి నుంచి, "10 దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్ నడుస్తోంది" అని. ఈ మాట ముఖ్యం, ఎందుకంటే పగటి మోత మీద ఫిర్యాదుకు పరిమితి కంటే 10 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలి, రాత్రి నిషేధం ఉల్లంఘిస్తే ఆ కొలత అవసరం లేదు. మీ బాల్కనీలోంచే నిమిషం వీడియో తీయండి, టైము పైకి చెబుతూ. ఒంటరిగా కిందకి వెళ్లి వైర్లు పీకొద్దు, తాగి ఉన్నవాళ్లతో వాదించొద్దు.

మళ్లీ మళ్లీ జరుగుతుంటే ఫోన్లు సరిపోవు, కాగితం పెట్టాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల కింద చర్య తీసుకునే అధికారం కలెక్టర్, పోలీస్ కమిషనర్, లేదా డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారిది. అర్జీలో తేదీలు, టైములు, నోటుపుస్తకం పేజీల జిరాక్స్, కనీసం ఐదారు ఇళ్ల సంతకాలు ఉండాలి, చివర "శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం చర్య తీసుకోవాలి" అని స్పష్టంగా రాయండి. స్టేషన్‌లో ఇస్తే రసీదు అడగండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లండి, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అదే రోజు జరుగుతాయి. ఫ్యాక్టరీ, మిల్లు లాంటి వాటి మోతైతే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి కూడా ఒక కాపీ పెట్టండి.

"వాళ్లకి పర్మిషన్ ఉంది" అని ఎవరైనా అంటే, ఆ అనుమతి కాపీ, షరతులతో సహా, సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అనుమతే లేదని అధికారులే రాసి ఇస్తే, తర్వాతి అర్జీకి మొదటి పేజీగా అదే జతచేయండి.