క్లోమిఫీన్ రాసిచ్చారా? మగవాళ్లు ముందు చూసుకోవాల్సినవి

పిల్లల కోసం తిరుగుతున్న మగవాళ్లకు డాక్టర్ క్లోమిఫీన్ రాసివ్వగానే, ఇది ఆడవాళ్ల మందు కదా, దీంతో నాకున్న టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) కూడా పోతుందేమో అని టెన్షన్ మొదలవుతుంది. పోదు. చాలామందిలో పెరుగుతుంది.

ఒంట్లో ఈస్ట్రోజన్ (ఆడ హార్మోన్, మగవాళ్లలోనూ కొంత ఉంటుంది) సరిపడా ఉందనిపిస్తే మెదడు, వృషణాలను పనిచేయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లను తగ్గిస్తుంది. క్లోమిఫీన్ అక్కడ అడ్డుపడితే, ఈస్ట్రోజన్ తక్కువైందనుకుని మెదడు ఆ రెండింటినీ ఎక్కువగా పంపిస్తుంది, ఎల్‌హెచ్ అందిన వృషణాలు సొంతంగా టెస్టోస్టెరాన్ తయారు చేస్తాయి, ఎఫ్‌ఎస్‌హెచ్ వీర్యకణాలకు సాయపడుతుంది.

టెస్టోస్టెరాన్ సూది దీనికి పూర్తిగా వ్యతిరేకం. బయటి నుంచి హార్మోన్ వస్తోంది కదా అని మెదడు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ ఆపేస్తుంది, వీర్యకణాల కౌంట్ సున్నాకి కూడా పడిపోవచ్చు, సూది మానేశాక తిరిగి రావడానికి నెలలు, కొందరికి ఏడాది పైనే పడుతుంది. జిమ్‌లో ఎవరో చెప్పారని సూదులు వేయించుకుని ఉంటే డాక్టర్ దగ్గర దాచకండి. ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే ఒక్కరే లోపలికెళ్లి చెప్పండి.

మాత్ర మొదలుపెట్టకముందే రక్తపరీక్ష అయిపోవాలి. టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ, కాబట్టి 10 గంటల్లోపే రక్తం ఇవ్వండి. కావలిలో బస్సెక్కి నెల్లూరు ల్యాబ్‌కి మధ్యాహ్నం చేరేకన్నా ఊళ్లోనే పొద్దున్నే ఇవ్వడం మేలు. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా చూపించుకోండి. అవి ముందే బాగా ఎక్కువగా ఉంటే లోపం వృషణాల్లోనే ఉన్నట్టు, మెదడు ఇంకా తోసినా పెద్ద ఫలితం ఉండదు.

వీర్యకణం తయారవ్వడానికి రెండున్నర నెలలు పడుతుంది, అందుకే నెల తిరక్కుండానే కౌంట్ చూసుకుని దిగులుపడొద్దు, మూడు నెలలకు చూడండి. ఈలోపు గట్టి జ్వరం వచ్చినా, చీమకుర్తి క్వారీలాంటి చోట ఎండలో, వేడిలో పనిచేస్తున్నా డాక్టర్‌కి చెప్పండి, వేడికి కౌంట్ తగ్గుతుంది. కొద్దిమందికి ఈ మాత్రతోనే తగ్గవచ్చు, అందుకే మళ్లీ పరీక్ష తప్పనిసరి.

చూపు మసకబారితే మాత్ర ఆపి అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. కాలు వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా క్యాజువాలిటీకి వెళ్లండి. పాత చీటీతో మందుల షాపులో మళ్లీ మళ్లీ కొనకండి, డోసు ఎంతో రక్తపరీక్ష చూశాకే తేలుతుంది. మాత్ర మానేశాక చాలామందిలో టెస్టోస్టెరాన్ పాత స్థాయికే దిగుతుంది, కాబట్టి ఎప్పుడు ఆపాలో కూడా డాక్టర్నే అడగండి.