కంప్యూటర్ హ్యాంగ్ అయింది, పెట్టె కాలిపోతోంది: ముందు దేన్ని అనుమానించాలి?

కడపలో మే నెల మధ్యాహ్నం. మా పాప ఆన్‌లైన్ క్లాసు వింటుంటే తెర మీద మాస్టారు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయాడు. మౌస్ కదల్లేదు. "నాన్నా, సీపీయూ కాలిపోతా ఉంది!" అని కేకేసింది. చెయ్యి పెట్టి చూస్తే నిజంగానే చుర్రుమంది. టెన్షన్‌లో గోడ స్విచ్ ఆపేశాను. వేడెక్కింది కాబట్టే ఆగిపోయిందని ఇంట్లో అందరం తేల్చేసుకున్నాం. అది సగమే నిజమని తెలియడానికి మరో వారం పట్టింది.

ఆ నిమిషంలో ఏం చేయాలి

కాలిన వాసన, పొగ, చిటపట శబ్దం ఏది ఉన్నా ఆలోచించొద్దు, గోడ దగ్గర స్విచ్ ఆపి ప్లగ్ పీకేయండి. అవేవీ లేకపోతే ఒక్క క్షణం ఆగి క్యాప్స్ లాక్ నొక్కండి. కీబోర్డు మీద లైటు వెలిగి ఆరుతుంటే లోపల ప్రాణం ఉన్నట్టే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, మొరాయించిన ప్రోగ్రామును అక్కడే మూసేయవచ్చు. లైటు కూడా మారకపోతే మొత్తం బిగుసుకుపోయిందని అర్థం. పవర్ బటన్‌ను పది సెకన్లు అలాగే నొక్కి పట్టుకోండి. నాలా గోడ స్విచ్ మీద పడనక్కర్లేదు.

ఫ్యాన్ గోల, నెమ్మదించడం, ఉన్నట్టుండి ఆరిపోవడం

ఇవి వేడి లక్షణాలు. ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటుంది. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు 100 డిగ్రీల దగ్గర, చాలా ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లకు 95 దగ్గర హద్దు ఉంటుంది. అక్కడికి చేరగానే వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ దిగకపోతే మిషన్‌నే ఆపేస్తుంది. అందుకే వేడి సమస్య ముందు నత్తనడకగా, తర్వాత టప్పున ఆరిపోవడంగా కనిపిస్తుంది. బొమ్మ నిలబడిపోయి, గంటైనా అలాగే ఉంటే మాత్రం వేడి కన్నా వేరేదాన్ని అనుమానించడం మంచిది. ఆ రోజు నాకీ తేడా తెలియదు.

పెట్టె మీద చెయ్యి పెట్టి చెప్పే జ్వరం లెక్క కాదు. బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవ్వక ముందే తెరుచుకునే సెట్టింగుల తెరలోకి, వెళితే ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం కనిపిస్తాయి. విండోస్‌లో అయితే హెచ్‌డబ్ల్యూ మానిటర్ లాంటి ఉచిత ప్రోగ్రాము చాలు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, ఫ్యాన్ విసిరేది గదిలోని గాలినే. గదిలో 40 ఉంటే ప్రాసెసర్ అంతకన్నా చల్లబడదు. మన ఎండల్లో ఊరికే ఉన్నప్పుడు 50, 55 చూపిస్తే భయపడక్కర్లేదు. మాది ఊరికే ఉన్నప్పుడే 78, క్లాసు నడుస్తుంటే 97!

పక్క తలుపు తీశాక కారణం కళ్లకు కనబడింది. పక్కింటివాళ్లు వారం రోజులుగా బండలు పరిపిస్తున్నారు. కటింగ్ మిషన్ దుమ్మంతా మా కిటికీలోంచి వచ్చి, ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్ రేకుల మధ్య పేరుకుంది. దానికి తోడు ఎయిర్ కూలర్‌ను నేనే చల్లగా ఉంటుందని సీపీయూ వైపు తిప్పి పెట్టాను. ఆ తేమకు దుమ్ము మెత్తబడి గోడకు పూసినట్టు అంటుకుపోయింది. కూలర్ మనుషులకు పెట్టుకోండి, దానికొద్దు.

శుభ్రం చేయాలంటే ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, పెట్టెను మిద్దె మీదికో వరండాలోకో తీసుకెళ్లండి. లోపల ముట్టుకునే ముందు పెట్టె ఇనుప భాగాన్ని తాకితే ఒంట్లోని స్టాటిక్ పోతుంది. మెత్తటి బ్రష్, బ్లోయర్ చాలు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గిర్రున తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది. లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బాకు బయటి నుంచే గాలి కొట్టండి. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి దాన్ని మాత్రం విప్పొద్దు.

దుమ్ము పోయినా మాది 90 దిగలేదు. టార్చి వేసి చూస్తే ప్రాసెసర్ మీది ఇంటెల్ కూలర్‌ను (హీట్‌సింక్, ఫ్యాన్ జత) పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి పైకి లేచి ఉంది. ఒక మూల లేస్తే హీట్‌సింక్ ప్రాసెసర్‌కు సరిగ్గా ఆనదు. కూలర్ తీసి, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఎండి పెళుసైన పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త థర్మల్ పేస్ట్ కందిగింజంత పెట్టాను. పిన్నులను ఎదురెదురు మూలల జతగా, టక్‌మని వినపడేదాకా నొక్కాలి. ఆ తర్వాత క్లాసు నడుస్తున్నా 70 దాటలేదు. కంప్యూటర్ టేబుల్ అరలోంచి కూడా పెట్టెను బయటికి తీసి పెట్టాం.

చల్లగా ఉన్నా మళ్లీ హ్యాంగ్

రెండు రోజులకే మాస్టారు మళ్లీ నోరు తెరిచి నిలబడ్డాడు. చూస్తే 62 డిగ్రీలే. వేడి తగ్గిందన్న నా సంబరం అక్కడితో సరి.

ఇలాంటప్పుడు బయోస్ తెర తెరిచి పావుగంట వదిలేయండి. అక్కడ కూడా బిగుసుకుంటే విండోస్‌ను తిట్టి లాభం లేదు, ర్యామో, బోర్డో, పవరో చూడాలి. ర్యామ్ కడ్డీ తీసి బంగారు రంగు కాళ్లను తుడిచి గట్టిగా దిగేలా పెట్టండి. రెండుంటే ఒక్కొక్కటే పెట్టి నడిపి చూడండి. ఫ్రిజ్జో, మోటారో ఆన్ అయినప్పుడే రీస్టార్ట్ అవుతుంటే అది వోల్టేజి గొడవ, మంచి యూపీఎస్ కావాలి.

మాది బయోస్‌లో నిక్షేపంగా ఉంది. విండోస్ తన తప్పులన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో 41 నంబరు ఎర్రర్ కనిపించింది కానీ అది సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆరిపోయిందని మాత్రమే చెబుతుంది, ఎందుకో చెప్పదు. దానికి కొంచెం ముందు వరసగా ఉన్న 129 నంబరు హెచ్చరికలు అసలు సంగతి చెప్పాయి. డిస్క్ జవాబివ్వక విండోస్ దాన్ని మళ్లీ మళ్లీ రీసెట్ చేస్తోందన్నమాట. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాము తెరిస్తే సీ5 (చదవడానికి మొరాయించే చోట్ల లెక్క) సున్నా ఉంది, సీ7 (డేటా అటూ ఇటూ పోయేటప్పుడు వచ్చిన తప్పుల లెక్క) మాత్రం రోజురోజుకూ పెరుగుతోంది. సీ5 పెరిగితే డిస్క్ లోపల చెడుతోందని, వెంటనే ఫొటోలు, పత్రాలు వేరే చోటికి కాపీ చేసుకోవాలని అర్థం. సీ7 పెరిగితే ముందుగా అనుమానించాల్సింది కేబుల్‌ను. డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ కొత్తది వేశాను. సీ7 అంకె వెనక్కి తగ్గదు, కాకపోతే అప్పటి నుంచి పెరగడం ఆగింది. హ్యాంగూ ఆగింది.

ల్యాప్‌టాప్ అయితే

పరుపు మీద, ఒడిలో దిండు మీద పెట్టి వాడొద్దు, కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టుంటే బ్యాటరీ ఉబ్బిందని అనుమానించండి. చార్జింగ్ తీసేసి, ఆపేసి, నేరుగా రిపేరు షాపుకే.

షాపుకు ఇచ్చేటప్పుడు "హ్యాంగ్ అవుతోంది" అని మాత్రమే చెప్పకండి. ఎన్ని డిగ్రీలు చూపించింది, ఆరిపోయిందా బిగుసుకుందా, బయోస్‌లో కూడా అయిందా అన్నది చీటీ మీద రాసివ్వండి. అవేవీ చూడకుండా "ఫార్మాట్ కొడితే సరిపోతుందన్నా" అంటే మిషన్ వెనక్కి తెచ్చుకుని ఇంకో షాపు చూసుకోండి.